మడత విప్పని పటం

నూట నలభై మూడో పేజీలో ఒక బొటనవేలు ఉంది.

టీచరమ్మ కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూసింది. సందేహం లేదు, వేలే. పేజీలు తిప్పేవాళ్ళు పెట్టుకునే రబ్బరు తొడుగు కూడా ఉంది దానికి. వేలి కింద మడతపెట్టిన కాగితం, దాని తెల్లటి వీపు. ఒక అంచున "పటం 7: పా" అన్న అక్షరాలు మాత్రం తొంగిచూస్తున్నాయి. తక్కిన పటమంతా మడతల లోపలే ఉండిపోయింది.

"కనిపించిందా?" వంటగదిలోంచి అత్తగారు కేకేసింది.

"కనిపించింది. వేలు."

"ఎవరిది?"

"నాకేం తెలుసు అత్తయ్యా! స్కాన్ చేసినవాళ్ళది."

అత్తగారు చేతులు తుడుచుకుంటూ వచ్చి, ఫోను చెయ్యి చాచినంత దూరంలో పట్టుకుని చూసింది. "వేలు మాత్రం బాగా పడింది. ఫొటోకి నిలబెట్టినట్టు నిటారుగా ఉంది" అంది.

టీచరమ్మకి నవ్వు రాలేదు. అది బుధవారం. శుక్రవారం లోపల ఆ పటం మున్సిపాలిటీ ఇంజనీరుకి చూపించాలి. చూపించలేకపోతే సోమవారం వెనక సందంతా కాంక్రీటు పోసేస్తారు.

బడిలో సాంఘిక శాస్త్రం చెప్పే ఈ టీచరమ్మ ఇరవై రెండేళ్ళ క్రితం ఎంఫిల్ చేసింది. విషయం, ఊళ్ళో పూడిపోయిన పాత కాలువలు. రెండేళ్ళు ఎండనక వాననక సందులన్నీ తిరిగి, ముడులు వేసిన తాడు వదిలి లోతులు కొలిచి, ట్రేసింగ్ కాగితం మీద తొమ్మిది పటాలు గీసింది. ఏడోది ఈ వెనక సందుది. సందు కింద రాతి కాలువ ఉంది. ఆ రోజుల్లో తాడు రెండో కొస పట్టుకుని సాయం చేసినావిడే తర్వాత ఆమెకి అత్తగారైంది. ఈ సంబంధం కాలువ కుదిర్చిందని ఆవిడ ఇప్పటికీ వేళాకోళం చేస్తుంది.

కిందటి వానలకి వెనక గదుల్లో మోకాలి లోతు నీళ్ళు నిలిచాయి. ట్రంకు పెట్టెలో ఉన్న టీచరమ్మ సొంత ప్రతి ఆ నీళ్ళలోనే నాని ముద్దైంది. ఇప్పుడు మున్సిపాలిటీవాళ్ళు సందుకి కాంక్రీటు వేస్తామని గుర్తులు పెట్టి వెళ్ళారు. కింద కాలువ ఉందని, దాన్ని తెరిచి శుభ్రం చేస్తే చాలని టీచరమ్మ చెప్పింది. ఇంజనీరు విన్నాడు, కాదనలేదు.

"మా రికార్డుల్లో లేదు టీచరు గారూ. నోటిమాట మీద పని ఆపితే నన్ను నిలదీస్తారు. మీ పరిశోధన యూనివర్సిటీ వెబ్‌సైట్లో ఉందంటున్నారుగా? పేజీ నంబరు ఇవ్వండి, ఫైల్లో రాసి ఆపుతాను."

ఆ మాటకి ఆమె ఎంత సంతోషపడిందో! కిందటేడు యూనివర్సిటీవాళ్ళు పాత సిద్ధాంత గ్రంథాలన్నీ స్కాన్ చేసి, ఎవరైనా డబ్బు కట్టకుండా చదువుకునేట్టు పెట్టారు. తన పేరు చూసుకుని స్టాఫ్ రూములో అందరికీ చూపించింది కూడా. అప్పుడు మొదటి పేజీ చూసి మురిసిపోయిందే గానీ, నూట నలభై మూడు దాకా వెళ్ళలేదు.

గురువారం సెలవు పెట్టింది. అత్తగారు చెప్పులేసుకుని గుమ్మంలో సిద్ధంగా ఉంది.

"మీరెందుకు అత్తయ్యా, అంత దూరం?"

"నువ్వు ఎవరేం చెప్పినా 'పర్లేదండీ' అని వచ్చేస్తావు. నేనుంటే అననివ్వను."

లైబ్రరీ గేటు దగ్గర ఫోన్లు, సంచులు తీసుకుని బిళ్ళలు ఇచ్చారు. డిజిటల్ విభాగం అధికారి మర్యాదస్తుడు. కుర్చీలు చూపించాడు, మంచినీళ్ళు తెప్పించాడు.

"పదకొండు వేల గ్రంథాలు పెట్టాం మేడమ్. ఇక్కడి ఊళ్ళు, పంటలు, పనులు, పాత కట్టడాలు, అన్నిటిమీదా మన పిల్లలు చేసిన పని. ప్రపంచంలో ఏ మూల కూర్చున్నా చూడొచ్చు."

"నాది చూశాను సార్. వేలు కనిపించింది."

ఆయన కంప్యూటర్లో తెరిచి చూసి నొచ్చుకున్నాడు. "అయ్యయ్యో, ఇది పొరపాటే. రేపటికల్లా వేలు తీసేయిస్తాను."

"వేలు తీసేస్తే ఏం వస్తుంది సార్? తెల్లకాగితం వస్తుంది. నాకు పటం కావాలి."

"పోనీ పుస్తకం ఇవ్వు నాయనా" అంది అత్తగారు. "ఇంజనీరు ముందు విప్పి చూపించి, సాయంత్రానికల్లా తెచ్చిచ్చేస్తాం."

"ఆన్‌లైన్‌లో పెట్టిన పుస్తకం బయటికివ్వం అమ్మగారూ. అందరికీ తెరిచి పెట్టాంగా, ఇంక పుస్తకంతో పనేముంది?"

అత్తగారు కోడలి వైపు చూసింది. టీచరమ్మ 'పర్లేదండీ' అనలేదు. ఆయనే కాస్త ఇబ్బందిపడి ఒక చీటీ రాసిచ్చాడు. కింద స్కానింగు గదిలో చూపిస్తే ఆ ఒక్క పేజీ మళ్ళీ తీస్తారన్నాడు.

స్కానింగు గది నేలమట్టానికి రెండు అంతస్తుల కింద ఉంది. మెట్టు మెట్టుకీ మోకాలు పట్టుకుంటూ దిగింది అత్తగారు. గదిలో ఊయల లాంటి చట్రంలో పుస్తకం తెరిచి ఉంది, పైన రెండు కెమెరాలు. ఒకావిడ పేజీ తిప్పి, అద్దం దించి, కాలితో మీట నొక్కుతోంది. గోడమీద పెద్ద అక్షరాలతో కాగితం: రోజుకు 1200 పేజీలు. ఆవిడ బొటనవేలికి రబ్బరు తొడుగు ఉంది.

"నువ్వేనా తల్లీ!" అంది అత్తగారు, తెలిసినవాళ్ళు కనపడ్డట్టు.

ఆవిడ చీటీ చదివి, బీరువాలోంచి పుస్తకం తెచ్చింది. అట్ట ముదురు నీలం. ఇరవై రెండేళ్ళ తర్వాత దాన్ని చూసేసరికి టీచరమ్మకి చెయ్యి దానంతటదే ముందుకు వెళ్ళింది. బల్లమీద పటం మడత విప్పారు. ఒక్క చిరుగు లేదు. లోతు కొలిచినంత మేర నిండు గీత. అప్పటికే మూతలు పడిపోయి తాడు దిగని చోట, ఆ ఇళ్ళవాళ్ళు చెప్పింది విని గీసిన చుక్కల గీత. చుక్కల పక్కన చిన్న చుట్టు, చుట్టులో ఒక అంకె. ఎవరు చెప్పారో ఆ అంకె చెబుతుంది. మొత్తం నలభై ఒక్కమంది. పేరు, వయసు, పని, ఇంటి నంబరు, అన్నీ పుస్తకం చివర అనుబంధంలో ఉన్నాయి.

"ఇంత చక్కగా ఉంటే విప్పకుండా ఎందుకు తీశారమ్మా?" అంది టీచరమ్మ. గొంతు పెరగకుండా జాగ్రత్తపడింది గానీ పెరిగింది.

"విప్పితే అద్దం కింద పట్టదు మేడమ్. నాలుగు ముక్కలుగా తీయాలి. నాలుగు ముక్కలంటే నాలుగు పేజీలు. మీ పుస్తకం రెండు వందల పన్నెండని కేటలాగులో ఉంది. రెండు వందల పదిహేను పంపిస్తే సిస్టమ్ మొత్తం పుస్తకాన్నే వెనక్కి కొడుతుంది. అందుకని మడత మీదే తీసేస్తాం. ఒక కాగితం, ఒక పేజీ."

"అందరివీ ఇంతేనా?"

"పటాలున్నవన్నీ ఇంతే."

టీచరమ్మ బీరువా వైపు చూసింది. పదకొండు వేల పుస్తకాలు. ఎంతమంది ఎండలో నిలబడి గీసి ఉంటారో. అన్నీ వీపు చూపిస్తూ పడుకున్నాయి.

ఆమె ఒక్కతే మళ్ళీ పైకి వెళ్ళింది. కేటలాగులో పేజీల సంఖ్య మార్చమని అడిగింది. కేటలాగు కమిటీ ఆమోదించినది కనక కమిటీయే మార్చాలన్నాడు అధికారి.

"కమిటీ ఎప్పుడు కూర్చుంటుంది సార్?"

"రెండు నెలలకోసారి."

"కాంక్రీటు అన్నాళ్ళు ఆగదండీ."

"నాకర్థమైంది మేడమ్. కానీ రెండు వందల పన్నెండంటే రెండు వందల పన్నెండే. నా చేతిలో లేదు." ఆయన మొహంలో నిజంగానే జాలి ఉంది. దాన్ని ఏం చేసుకోవాలో ఆమెకి తెలియలేదు.

కిందికి వచ్చేసరికి అత్తగారు, స్కానింగావిడ టీ తాగుతున్నారు.

"ఒక దారి ఉంది మేడమ్" అంది స్కానింగావిడ, తలుపు వైపు చూసి గొంతు తగ్గించి. "పటాన్ని నాలుగు ముక్కలుగా తీసి నూట నలభై మూడు, క, ఖ, గ అని పెడతాను. బదులు మూడు పేజీలు తీసేయాలి. నడుమవి తీస్తే నంబర్లు తెగి పట్టుబడతాం. చివరి మూడు తీస్తే ఎవరూ అడగరు. మొత్తం మటుకు రెండు వందల పన్నెండు దాటకూడదు."

"మిగతా ఎనిమిది పటాలో?"

"వాటికి ఇంకో ఇరవై నాలుగు పేజీలు ఇస్తారా?"

చివరి మూడు పేజీలంటే అనుబంధం. నలభై ఒక్కమంది పేర్లు. టీచరమ్మ ఆ పేజీలు తిప్పింది. సైకిళ్ళు బాగుచేసేవాడు. బట్టలు కుట్టే ఆవిడ. పదిహేడు దగ్గర వేలు ఆగింది. అక్కడ అత్తగారి పేరు ఉంది, పనికి ఎదురుగా 'గృహిణి' అని.

"ఇవి తీసేస్తే ఆ అంకెలకి అర్థం ఉండదు" అంది. "చెప్పినవాళ్ళని చెరిపేసి చెప్పింది మాత్రం ఎలా ఉంచుకుంటాం?"

"చూడు టీచరమ్మా" అంది అత్తగారు గ్లాసు కింద పెట్టి. "నీళ్ళు మా పేర్లు చదివి ఆగుతాయా? ఆయన అడిగింది కాలువని. మమ్మల్ని కాదు. తీసేయ్."

గడియారం నాలుగు దాటింది. నాలుగున్నరకి గది మూసేస్తారు. ఒకప్పుడు ఆ నలభై ఒక్క పేర్లూ నిద్రలో లేపి అడిగినా వరసగా చెప్పేది. అవి తనకెక్కడికి పోతాయిలే అనుకుని, తలూపింది.

శుక్రవారం పదకొండు గంటలకి ఇంజనీరు గదిలో కూర్చున్నారు ఇద్దరూ. బల్లమీద కాగితాలు ఎగరకుండా, పరీక్ష కోసం పోసిన కాంక్రీటు దిమ్మలు పెట్టుకున్నాడాయన. వెబ్‌సైట్ తెరిచాడు. నూట నలభై మూడు, క, ఖ, గ. నాలుగు ముక్కలూ పక్కపక్కన పెట్టుకుని, ముందుకు వంగి, చాలాసేపు చూశాడు.

"భలే గీశారు టీచరు గారూ. లోతులతో సహా! మా దగ్గర ఇలాంటిది ఒక్కటి లేదు."

టీచరమ్మ ఊపిరి తేలికపడింది.

"నిండు గీత ఉన్నంత మేర ఆపేస్తాను. ఇక్కడ్నించి చుక్కలేమిటి?"

చెప్పింది. ఆయన వింటూ మౌస్ కిందికి జరిపాడు.

"పదిహేడు అని ఉంది. ఎవరు? అనుబంధం చూడమని రాశారు కింద. అనుబంధం లేదే?"

"అది... రాలేదండీ. స్కానింగులో."

"అంటే ఎవరు చెప్పారో లేదు. పేరు లేకుండా నేను ఫైల్లో ఏం రాయను? అంకె చెప్పిందని రాయనా?"

"పదిహేడు నేనే నాయనా" అంది అత్తగారు. "మా ఇంటి వెనక బండ కింద రాత్రీ పగలూ గలగలమని వినపడేది. బండ ఎక్కడుందో ఇప్పుడైనా చూపిస్తాను."

ఇంజనీరు ఆవిడ పేరు రాసుకున్నాడు. పద్దెనిమిది అడిగితే టీచరమ్మ చెప్పింది, సైకిళ్ళు బాగుచేసేవాడు, పేరు ఇదీ. పంతొమ్మిది చెప్పింది. ఇరవై కొంచెం తడుముకుని చెప్పింది. ఇరవై ఒకటి, ఇరవై రెండు భార్యాభర్తలు, వాళ్ళు గుర్తున్నారు.

"ఇరవై మూడు? వంపు దగ్గర. కాలువ పెద్ద మురుగులో కలిసే చోటు ఇదే కదా. ఇక్కడ కాంక్రీటు పడితే పైన మీరెంత తెరిచినా లాభం లేదు. ఇది ఎవరు చెప్పారు?"

టీచరమ్మ నోరు తెరిచింది. పేరు రాలేదు. ఇరవై నాలుగు వచ్చింది, ముప్ఫై వచ్చింది, ఇరవై మూడు రాలేదు. తెల్లటి కాగితాన్ని చూస్తున్నట్టుంది.

"పుస్తకంలో ఉందండీ" అంది.

"తెప్పించండి."

"ఇవ్వరండీ."

ఇంజనీరు పెన్నుకి మూత పెట్టాడు. "అయితే వంపు దగ్గర సోమవారం పోయించక తప్పదు. ఏమీ అనుకోకండి."

అత్తగారి మోచెయ్యి బల్ల కింద ఆమె డొక్కలో తగిలింది. "ఎవరిదో ఒక పేరు చెప్పవే" అని పెదవి కదపకుండా గొణిగింది. టీచరమ్మ తల అడ్డంగా ఊపింది. ఆ పుస్తకంలో ఒక్క అంకె కూడా ఊహించి వేసింది కాదు.

"ఇరవై మూడు కూడా నేనే నాయనా" అంది అత్తగారు, గట్టిగా.

"రెండు నంబర్లు మీవేనా?"

"రెండుసార్లు అడిగింది ఈవిడ. మొదటిసారి ఇంటి దగ్గర, రెండోసారి వంపు దగ్గర. ఎన్నిసార్లడిగితే అన్నిసార్లు చెప్పాను. అప్పటికి కోడలు కాదుగా, విసుక్కోలేదు."

ఇంజనీరు నవ్వి, మూత తీసి, రాశాడు. తర్వాత తలెత్తి టీచరమ్మని చూశాడు. "అంతేనా టీచరు గారూ?"

వెనక గది గోడమీద మోకాలెత్తున ఉన్న మరక గుర్తొచ్చింది ఆమెకి. "అంతేనండీ" అంది.

సోమవారం పని ఆపుతున్నట్టు, వంపు దగ్గర తవ్వి చూడమని ఆయన కాగితం రాసిచ్చాడు. అత్తగారు దాన్ని రెండుసార్లు చదివించుకుని, మడిచి, సంచిలో భద్రంగా పెట్టుకుంది.

దారిలో టీచరమ్మ తల వంచుకుని నడిచింది.

"ఇప్పుడేమైందని ఆ మొహం?" అంది అత్తగారు. "కాలువ అక్కడ ఉందా లేదా?"

"ఉంది."

"మరింకేం?"

"చెప్పింది మీరు కాదుగా అత్తయ్యా. ఇంకెవరో చెప్పారు. వెబ్‌సైట్లో వాళ్ళు లేరు. ఇప్పుడు ఫైల్లో వాళ్ళ చోట మీరున్నారు."

అత్తగారు సంచి చెయ్యి మార్చుకుంది. కాసేపు నడిచాక, "ఆడమనిషా, మగమనిషా?" అని అడిగింది.

టీచరమ్మ ఆగిపోయి ఆలోచించింది. ఒక అరుగు గుర్తొచ్చింది. కాలువ ఎటు తిరుగుతుందో చూపించడానికి మణికట్టు దగ్గర మెల్లగా వంచిన చెయ్యి గుర్తొచ్చింది. ఆ చేతికి గాజులున్నాయో లేదో గుర్తు రాలేదు.