నాలుగు డబ్బాల గాలి

కొండదారి మొదలయ్యే చోట చివరి మందుల షాపు అతనిది. ఒకప్పుడు ఆసుపత్రిలో పనిచేశాడు కాబట్టి, సొంత షాపు పెట్టి ఎనిమిదేళ్లయినా ఊరంతా అతన్ని కాంపౌండరనే పిలిచేది. కౌంటరు మీద ఆక్సిజన్ డబ్బాలు గోపురంలా పేర్చి ఉండేవి. చేతిలో ఇమిడే తేలికైన డబ్బాలు, మూతికి ప్లాస్టిక్ మాస్కు.

"ఇది చేతిలో ఉంటే కొండ మిమ్మల్ని ఏమీ చెయ్యలేదు సార్," అనేవాడు పైకెళ్లే టూరిస్టులతో. మొదట్లో ఆ మాటకు నాలుక తడబడేది. తర్వాత అలవాటైపోయింది. గట్టిగా పీలిస్తే ఒక్కో డబ్బా అయిదు నిమిషాలకు మించి రాదని అతనికి తెలుసు. పైన తల పగిలిపోతున్నా, ఊపిరాడకపోయినా వెంటనే కిందికి దిగిపోవడం తప్ప దారి లేదనీ తెలుసు. ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఆ మాట ఎందరికో చెప్పాడు. అక్కడ అతను అమ్మేదేమీ లేదు.

అతన్ని కుట్టుమిషను తొక్కి చదివించింది అక్క. బావ పైన కనుమ దగ్గర మంచు తోసే యంత్రం నడిపేవాడు. ఆ ఏడు మూడు నెలలైనా కిందికి రాలేదు. "ఆయనకు సెలవు దొరక్కపోతే నేనే వెళ్లి రెండ్రోజులుండి వస్తా," అంటూ ఒక ఉదయం అక్క సంచీతో షాపుకొచ్చింది. అప్పటికే షాపులో పదిమంది టూరిస్టులున్నారు.

"ఒరేయ్, అంత ఎత్తులో ఊపిరాడదేమోనని భయంగా ఉందిరా. ఈ డబ్బాలు నిజంగా పనిచేస్తాయా?"

పదిమందీ అతని నోటివైపు చూశారు.

"పనిచెయ్యకపోతే అమ్ముతానా అక్కా? నాలుగు పట్టుకెళ్లు. ఆయాసంగా ఉంటే పీల్చు. దిగి రావాల్సిన పనే ఉండదు."

వాళ్లు వెళ్లాక అక్కను పక్కకు పిలిచి అసలు సంగతి చెబుదామనుకున్నాడు. లోపలి గదిలో మీటరూ గొట్టమూ ఉన్న అసలైన సిలిండరుంది, గంటల తరబడి వచ్చేది. అదీ ఇచ్చి పంపుదామనుకున్నాడు. బిల్లులు రాసి తలెత్తేసరికి అక్క జీపెక్కి చెయ్యి ఊపుతోంది. సాయంత్రం రెండుసార్లు ఫోన్ చేశాడు, కలవలేదు. బావ పనిచేసే క్యాంపు ఆఫీసు నంబరు ఉంది. మరీ అంత కంగారెందుకులే అని దానికి చెయ్యలేదు.

తెల్లవారి ఏడింటికి బావే చేశాడు.

"ఒరేయ్, మీ అక్క దగ్గుతుంటే నురగ పడుతోందిరా. పెదాలు నీలంగా అయిపోయాయి. నిన్న సాయంత్రమే తలనొప్పంది, దించేస్తానంటే వినలేదు. 'మా తమ్ముడు చెప్పాడు, ఇవుంటే దిగక్కర్లేదు' అని ఒకటే మాట."

"దించెయ్ బావా! ఈ క్షణమే! నేను ఎదురొస్తున్నా."

సిలిండరు బండిలో వేసుకుని బయల్దేరాడు. సగం దారిలో ఒక మలుపు దగ్గర రెండు బళ్లూ కలిశాయి. అక్క బావ భుజానికి చేరగిలబడి కూర్చుంది. ఊపిరి తీసినప్పుడల్లా ఛాతీలో నీళ్లు మరుగుతున్నట్టు చప్పుడు. అతను మాస్కు తగిలించి మీటరు పూర్తిగా తిప్పాడు. ఆమె దాన్ని కొంచెం పక్కకు జరిపింది.

"రాత్రే అయిపోయాయిరా. ఇంకో రెండు తెచ్చుకోవాల్సింది. నాదే తప్పు."

ఆ తర్వాత మాట్లాడలేదు. ఊరు కనబడేలోపే పోయింది.

రెండు వారాల తర్వాత బావ మళ్లీ పనిలోకి వెళ్తూ షాపు దగ్గర ఆగాడు. గడ్డం మాసి ఉంది. "నువ్విచ్చినవి లేకపోతే ఆ రాత్రి కూడా గడిచేది కాదురా. మా క్యాంపువాళ్ల కోసం ఓ అట్టపెట్టెడు డబ్బాలివ్వు," అన్నాడు.

కాంపౌండరు పెట్టె మీద చెయ్యి వేశాడు. మాట్లాడకుండా ఇచ్చేస్తే సరిపోయేది. బావ తనవైపు అంత అభిమానంగా చూస్తుంటే భరించడం మాత్రం అతనివల్ల కాలేదు.

"బావా, ఇందులో గాలి అయిదు నిమిషాలకు కూడా చాలదు. ఆ సాయంత్రమే దించేసి ఉంటే అక్క బతికేది."

"ఇది నీకెప్పుడు తెలిసింది?"

"మొదట్నుంచీ తెలుసు."

"మరి దానికెందుకు చెప్పలేదు?"

"షాపునిండా జనం ఉన్నారు బావా."

నోరు దాటాక గానీ ఆ మాట ఎంత నీచంగా ఉందో అతనికి తెలియలేదు. బావ కొట్టలేదు, తిట్టలేదు. "జనం," అని ఒకసారి గొణుక్కుని వెళ్లి బండెక్కాడు. మళ్లీ అతనితో మాట్లాడలేదు.

ఆ రోజే కాంపౌండరు డబ్బాలన్నీ తీసేశాడు. తలనొప్పి, దగ్గు, ఆయాసం వస్తే ఆగకుండా కిందికి దిగిపోండని పెద్ద అక్షరాలతో రాసి గుమ్మానికి అంటించాడు. టూరిస్టులు అది చదివి, "ఆక్సిజన్ డబ్బాలు లేవా?" అని అడుగుతారు. అతను వివరించడం మొదలుపెడతాడు. సగం వినేసరికి వాళ్లకు విసుగొచ్చి రోడ్డు దాటుతారు. అక్కడ కొత్తగా తెరిచిన షాపులో డబ్బాలు నిలువెత్తున పేర్చి ఉంటాయి.

"ఆయన మాటలు పట్టించుకోకండి సార్," అంటాడు ఆ షాపతను, డబ్బాలు సంచిలో వేస్తూ. "వాళ్లక్క పోయినప్పట్నుంచీ పాపం బుర్ర సరిగ్గా లేదు."