గోడ వెంబడి ఆకుకూర

ఆనేకల్ అవతల పాత బ్యాటరీలు కరిగించే బట్టీ ఉంది. దాని గోడకు ఆనుకునే కూలీల కాలనీ. ఆ రోజు అంగన్‌వాడీ ముందు పిల్లల్ని వరుసగా నిలబెట్టారు. బట్టీ యజమాని గురుమూర్తి ఐరన్ టానిక్ పంచుతూ ఫొటోలు దిగాడు. పిల్లమ్మ ఉత్త చేతులతో ఓ పక్కన నిలబడి చూసింది. ఆమె నాలుగేళ్ల కూతురు చైత్ర మూర్ఛలొచ్చి చనిపోయి పదకొండు రోజులైంది.

"తల్లులు సరిగ్గా ఆకుకూరలు పెట్టరు. ఒంట్లో రక్తం లేక పిల్లలు పోతారు. దానికి బట్టీనా కారణం?" అన్నాడు గురుమూర్తి, పిల్లమ్మ వైపే చూస్తూ.

ఆ మాట ఆమె గుండెలో దిగబడిపోయింది. నిజంగా తనే చంపుకుందా?

సాయంత్రం నర్సు శిరీష రక్తపరీక్షల కాగితాలు తెచ్చి అందరికీ చదివి వినిపించింది. ముప్పైమంది పిల్లల్లో ఇరవై ఆరుగురి రక్తంలో సీసం ఉంది. "ఐరన్, కాల్షియం తక్కువుంటే సీసం ఒంట్లోకి ఇంకా తొందరగా ఎక్కుతాది. ఆ తక్కువ నిజమే. కానీ సీసం మీ వంటింట్లో పుట్టలేదక్కా. ఆ పొగలో ఉండాది, మట్టిలో ఉండాది, మగోళ్ల బట్టల్లో ఉండాది."

పిల్లమ్మ మొగుడు చిన్నప్ప బట్టీలో బ్యాటరీలు పగలగొడతాడు. అతని బట్టలు ఆమె ఉతుకుతుంటే చైత్ర ఆ నీళ్లలోనే ఆడుకునేది. పిల్లమ్మ ఏడవలేదు. పదకొండు రోజుల ఏడుపూ ఆ క్షణాన పగగా గడ్డకట్టింది.

ఆడవాళ్లు బట్టీ మూయించాలన్నారు. "మూస్తే ఏం తినల్ల?" అని ముసలి కూలీ తిమ్మరాయప్ప గొడవపడ్డాడు. మగవాళ్లు చాలామంది అతని వైపే తల ఊపారు. చిన్నప్ప తల దించుకున్నాడు.

"ఇప్పుడు తింటాండేది మన పిల్లోళ్లనే కదప్పా," అంది ఆడవాళ్లలోంచి జరీనా.

తెల్లారి ఆడవాళ్లు బట్టీ గోడ వెంబడి పెరిగిన ఆకుకూర కోశారు. ఆకుల మీద పడ్డ బూడిద కడగకుండానే వండారు. గురుమూర్తి కారు గేటు దగ్గరికి రాగానే నలభైమంది అడ్డం నిలబడ్డారు. పిల్లమ్మ కూర వడ్డించిన తట్ట ముందుకు చాచింది.

"ఆకుకూర పెట్టమంటివి కదా. నీ గోడ పక్కన పెరిగిందే. తిను."

అతను కారు అద్దం పైకెత్తబోయాడు. పిల్లమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"నా బిడ్డ తినింది. నువ్వూ తిను."

అతని పెదవులు వణకడం ఆమె కళ్లారా చూసింది. ఆ భయం ఆమెకు చల్లగా తగిలింది, కానీ చాలలేదు.

పోలీసులు వచ్చి దాడి కేసన్నారు. "ఎవర్ని కొడితిని సార్? కూడు పెడితిని," అంటూ తనే నడిచి జీపెక్కింది పిల్లమ్మ.

జీపు కదులుతుండగా గేటు లోపలినుంచి చిన్నప్ప వచ్చాడు. సుత్తి కింద పడేసి ఆడవాళ్ల మధ్య కూర్చున్నాడు. అతని వెనక ఒక్కొక్కరే కూలీలు. చివరికి తిమ్మరాయప్ప కూడా.

జరీనా తట్ట అందుకుని కారు ముందుకు వెళ్లింది.

"నువ్వు తినేదాకా దినామూ వండుతాం," అంది.