గట్టు మీది మాట

తొమ్మిదో తరగతి తెలుగు పాఠాల చివర జాతీయాలుంటాయి. ఒక్కొక్కదానికి అర్థం చెప్పి సొంత వాక్యం రాయాలి. ఆ రోజు హర్షిత నిలబడి చదువుతోంది. కళ్లు కాయలు కాయడం చదివింది. చెవిలో ఇల్లు కట్టుకుని పోరడం చదివింది. ఆ తర్వాతిదాన్ని దాటేసి కిందిదానికి వెళ్లిపోయింది. మామూలు రోజైతే తరగతి మొత్తం గోల చేసేది. ఆ రోజు ఎవరూ నోరు మెదపలేదు.

జోగేశ్వరరావు మాస్టారు పుస్తకంలోకి చూశారు. హర్షిత వదిలేసింది 'పుట్టి మునగడం'.

ఆ పిల్లల్లో సగం మంది గువ్వలంక నుంచి గోదావరి పాయ దాటి బడికొస్తారు. పోయిన శ్రావణంలో జనాన్ని దాటించే రేవు పంటు నడినీళ్లలో ఒరిగిపోయిందనీ, అందులో మాస్టారి భార్య మీనాకుమారి ఉందనీ వాళ్లకు తెలుసు. లంకలో లేసు అల్లే ఆడవాళ్లకు దారం ఇచ్చి రావడానికి ఆవిడ బయల్దేరింది. వెళ్లనూ లేదు, తిరిగి రానూ లేదు.

"ఒకటి మిగిలిపోయిందమ్మా," అన్నారాయన.

"మీరు చెప్పండి సార్," అంది హర్షిత, పుస్తకంలోంచి తల ఎత్తకుండా.

ఆయన చాక్‌పీసు తీసుకుని ఆ మాట బోర్డు మీద రాశారు.

"పుట్టి అంటే వెదురు అల్లి, పైన తోలు బిగించిన గుండ్రటి పడవ. మా నాయనమ్మ దీని మీద ఒక కథ చెప్పేది. నిజంగా జరిగిందో లేదో నాకు తెలీదు. ఒక ఊళ్లో మునసబుగారు. రేవు ఆయన చేతిలో ఉంది. గోదావరి పోటు మీదున్న రోజున జనం సంతకు వెళ్లాలి. పుట్టివాడు నలుగురు చాలన్నాడు. మునసబు గట్టు మీద నిలబడి ఐదోవాణ్ణి ఎక్కించాడు. ఏం, పుట్టి మునుగుతుందా అన్నాడు. ఆరోవాణ్ణి ఎక్కించాడు. మళ్లీ అదే మాట. ఆఖర్న ఒక మేకను కూడా అందించాడు. ఎవరి రేవులో బతుకుతున్నాడో ఆయనకి ఎదురుచెప్పే ధైర్యం పుట్టివాడికి లేదు. నడిగోదావరిలో పుట్టి గిర్రున తిరిగి బోల్తా పడింది. ఆ కబురు తెచ్చినవాడు మునసబు ఇంటి గుమ్మంలో నిలబడి రొప్పుతున్నాడు, నోట మాట రావడం లేదు. ఆయన అప్పుడు అన్నం తింటున్నాడు. తల ఎత్తి అన్నాడట, ఏంట్రా ఆ కంగారు, ఇప్పుడేం పుట్టి మునిగిందని?"

పిల్లలు నవ్వబోయి ఆగిపోయారు.

"చిన్నదాన్ని పెద్దది చేసేవాళ్లను ఇప్పుడు మనం అలాగే అంటాం. నిజంగా కొంప మునిగినప్పుడు కూడా అంటాం. రెండూ రాసుకోండి. దాంతోపాటు ఆ మాట మొదట అన్నవాడు ఎక్కడ నిలబడి అన్నాడో కూడా గుర్తుపెట్టుకోండి. వాడు గట్టు మీదున్నాడు."

"మునసబుని ఏం చేశారు సార్?" అని హర్షిత అడిగింది.

"కథలో లేదమ్మా. పెరుగన్నం కూడా తిని పడుకుని ఉంటాడు."

చాక్‌పీసు ఆయన వేళ్ల మధ్య ఎప్పుడు పొడి అయిపోయిందో ఆయనకు తెలియలేదు.

లంక పిల్లలను సాయంత్రం రేవు దాకా దించి రావడం మాస్టార్లు వంతులవారీగా చేస్తారు. ఇన్నాళ్లూ ఆయన వంతు వస్తే ఎవరో ఒకరు అడగకుండానే వెళ్లేవారు. ఆ రోజు ఆయన తనే వెళ్తానన్నారు.

రేవులో కొత్త పంటు ఉంది. రెండు పడవలను జోడించి, పైన బల్లలు పరిచి, ఇంజన్ బిగించారు. ప్రారంభోత్సవం నాడు పిల్లలకు నారింజరంగు లైఫ్ జాకెట్లు తొడిగి తీసిన ఫొటో పేపర్లో వచ్చింది. ఇప్పుడు ఆ జాకెట్లు పైకప్పు కింద వరసగా వేలాడుతున్నాయి. చేతులు దూరే కంతల్లోంచి నైలాన్ తాడు దూర్చి, ముడి మీద ముడి వేసి, విడిపోకుండా కొసలు నిప్పుతో కరిగించి అతికించారు.

పాత పంటులోనూ ఇలాగే ఉండేవి. దాన్ని నీళ్లలోంచి లాగినప్పుడు జాకెట్లు ఒక్కటీ చెదరకుండా వరసలోనే ఉన్నాయి. మీనాకుమారిని ఒడ్డుకు చేర్చినప్పుడు ఆమె గోళ్లు విరిగి ఉన్నాయి. అవి దేన్ని విప్పబోయి విరిగాయో ఆయనకు అర్థమైంది. ఆ సంగతి ఇప్పటిదాకా ఎవరితోనూ అనలేదు.

పాటదారు రమేష్ బాబు గట్టు మీద గొడుగు కింద కుర్చీలో ఉన్నాడు. రేవు వేలంలో పాడుకున్నది ఆయనే. అప్పుడూ ఇప్పుడూ.

"రండి మాస్టారూ. చాన్నాళ్లకి. కూర్చోండి."

"ఆ జాకెట్లు విప్పించండి."

"విప్పితే ఉంటాయాండీ? మొదటి వారమే కొన్ని ఎగరేసుకుపోయారు. ఒకడు మోటార్‌సైకిల్ సీటు మీద వేసుకున్నాడు. ఇంకోడింట్లో కోడి వాటిమీద పొదుగుతోంది." ఆయన నవ్వాడు. "అందుకే మా అమ్మిరాజు చేత గట్టిగా కట్టించా."

పంటు నడిపే అమ్మిరాజు ఇంజన్ మీదకు వంగి ఏదో తుడుస్తున్నాడు.

"పిల్లలకు తొడిగాకే పంటు కదలాలి."

"పట్టుమని పది నిమిషాల దారి కూడా కాదండీ. ఎక్కేవాళ్లు ఎక్కారు, చీకటి పడకముందే దింపేస్తాం. ఇప్పుడేం పుట్టి మునిగిందని..."

రమేష్ బాబు ఆగాడు. పంటు మీద పిల్లలంతా మాస్టారి వైపు చూశారు.

"అలవాటు మాటండీ," అన్నాడు గొంతు తగ్గించి. "మనసులో పెట్టుకోకండి."

ఏడాదిగా ఈ మనిషికి చెప్పాలని మాస్టారు కూడబెట్టుకున్న మాటలు చాలా ఉన్నాయి. వాటిని రాత్రుళ్లు దిద్దుకున్నారు కూడా. ఇప్పుడు అందులో ఒక్కటీ పనికొచ్చేలా కనబడలేదు. ఆయన పక్కనే కొబ్బరిబోండాలు అమ్మే వీరవేణి దగ్గరికి నడిచారు.

"కత్తి ఇలా ఇవ్వమ్మా."

"బోండామా అయ్యగారూ? నేను కొట్టి ఇస్తాను కదా."

"బోండాం కాదు."

ఆమె ఆయన మొహం చూసింది. ఇంకేమీ అడక్కుండా కత్తిని చీరకొంగుతో తుడిచి పిడివైపు నుంచి అందించింది.

"మాస్టారూ, ఏంటిది? పిల్లలు చూస్తున్నారు," అని రమేష్ బాబు లేచాడు. కుర్చీ వెనక్కి పడింది.

"చూడనివ్వండి."

ఆయన పంటు ఎక్కారు. మొదటి ముడిని ఇనుపరాటకు ఆనించి కొట్టారు. నైలాన్ తెగలేదు. మళ్లీ కొట్టారు. ఇనుము మోగింది. చిన్నపిల్లలు చెవులు మూసుకున్నారు.

"అది నా సొత్తండీ," రమేష్ బాబు గట్టు మీంచి అన్నాడు. "రేపట్నుంచి బడి పిల్లల్ని ఎక్కించుకోను. ఈదుకుంటూ వస్తారు చదువుకి."

మాస్టారు కొట్టడం ఆపి జేబులోంచి ఫోన్ తీశారు.

"లంకలో వాళ్ల అమ్మానాన్నలకు కలిపిస్తాను. ఆ మాట మీరే చెప్పండి. ఏ తాడు కోశానని ఎక్కించుకోరో అది కూడా చెప్పండి."

ఆయన గొంతు పెంచలేదు. రమేష్ బాబు ఫోన్ కోసం చెయ్యి చాపలేదు. కాసేపటికి పడిపోయిన కుర్చీ లేపుకుని, కూర్చోకుండా దాని వెనక నిలబడ్డాడు.

అమ్మిరాజు వచ్చి తాడు రెండో కొస బిగించి పట్టుకున్నాడు. "ఇటు కొట్టండి, ఇక్కడ వదులుగా ఉంది," అన్నాడు. మాస్టారు అతని వైపు చూడలేదు. చూస్తే ఈ కత్తి ఎటు తిరుగుతుందోనని ఆయనకే భయం వేసింది. ముడి వెంట ముడి తెగింది. జాకెట్లు ధబధబా కింద పడ్డాయి. ఎండ తగలని గుడ్డల వాసన వేసింది.

అందరికీ సరిపోలేదు. ఆయన చిన్నవాళ్లను ముందు నిలబెట్టి, ఒక్కొక్కరికి తొడిగి, పట్టీ లాగి, వేలు దూర్చి బిగువు చూశారు. మిగిలినవాళ్లను దింపి గట్టు మీద కూర్చోబెట్టారు.

"ఈ జాకెట్లు తీసుకుని ఇంకో ట్రిప్పు రావాలి," అని అమ్మిరాజుతో చెప్పారు.

అమ్మిరాజు యజమాని వైపు చూశాడు. రమేష్ బాబు నీళ్ల వైపు చూస్తూ, "వెళ్లు," అన్నాడు.

పంటు కదిలింది. హర్షిత దిగినవాళ్లలో ఉంది. మాస్టారి పక్కన మెట్టు మీద కూర్చుంది. నారింజరంగు చుక్కలు అవతలి రేవును చేరేదాకా ఆయన నిలబడే ఉన్నారు.

వీరవేణి వచ్చి చెయ్యి చాపింది. "కత్తి ఇస్తారా అయ్యగారూ?"

ఆయన ఇద్దామనుకున్నారు. పిడి చుట్టూ బిగుసుకున్న వేళ్లు విచ్చుకోలేదు. ఎడమచేత్తో ఒక వేలు లేపబోయారు. అదీ రాలేదు. వీరవేణి అది చూసి చాపిన చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఉంచండి," అంది. "ఆ పంటు మళ్లీ రావాలిగా. జాకెట్లు విడిగా తెస్తాడో, మళ్లీ తాడుకు కట్టేసి తెస్తాడో."