వెనక స్ప్రింగులు

"గట్టిగా పట్టుకోలేకపోయావా?" అన్నాడు నా భర్త మొన్సెఫ్, రోడ్డు మీంచి చూపు తిప్పకుండానే.

ఆలివ్ గానుగ నుంచి ఇంటికొస్తున్నాం. గుంతలో పడగానే కారు వెనకభాగం ఎగిరి దబ్బున కుంగింది. నా ఒళ్లో ఉన్న మా పాప ఎమ్నా పెదవి పళ్ల మధ్య పడి చిట్లింది. అత్తగారు ముందు సీట్లోంచి తిరిగి చూసి, "తల్లివి, నువ్వు కాక ఎవరు చూసుకోవాలే?" అంది. తలగుడ్డ కొసతో పిల్ల రక్తం అద్దుతూ కూర్చున్నాను.

పెళ్లయిన దగ్గర్నుంచీ నా చోటు వెనకే. పక్కన నూనె డబ్బాలు, కాళ్ల దగ్గర గ్యాస్ బండ, ఒళ్లో పిల్ల. ఈ పొడుగు కారు వెనక స్ప్రింగులు కూలబడి, షాక్ అబ్జార్బర్లు చచ్చి ఎన్నాళ్లయిందో నా నడుముకి తెలుసు. చెప్పినప్పుడల్లా, "మాకేం తెలియట్లేదే!" అనేవాడు మొన్సెఫ్. అబద్ధం కాదు, ముందు కూర్చున్నవాళ్లకి నిజంగానే తెలియదు. అదే ఎక్కువ బాధ. నేనే సుకుమారం పోతున్నానేమో అని నామీద నాకే అనుమానం వచ్చేది. స్ఫాక్స్ ఊళ్లో నాన్న కార్ల రిపేరు షెడ్డులో పెరిగినదాన్ని. కారు చప్పుడు విని ఏది అరిగిందో చెప్పేదాన్ని. నాన్న పోయాక షెడ్డు తమ్ముళ్లదయింది, నేను ఈ ఇంటిదాన్నయ్యాను. నాకేం వచ్చో ఇక్కడెవరూ అడగలేదు. అడగందే చెప్పకపోవడం మర్యాద అనుకున్నాను. ఆ మర్యాద ఖరీదు నా కూతురి పెదవి.

శుక్రవారం మొన్సెఫ్ నమాజుకీ, అక్కణ్నుంచి కాఫీ కొట్టుకీ వెళ్లాడు. షెడ్డు నుంచి తమ్ముడి చేత తెప్పించుకున్న కొత్త సామానూ పనిముట్లూ విప్పాను. కారు ముందు చక్రాలకి రాళ్లు అడ్డం పెట్టి, వెనకభాగం జాకీతో ఎత్తి, స్టాండ్ల మీద నిలిపాను. తుప్పుపట్టిన బోల్టు ఎంతకీ కదల్లేదు. కాలితో తన్నాను, ఏడ్చాను, మళ్లీ నూనె పోశాను. కదిలింది. "ఒళ్లంతా గ్రీజు నలుపు పూసుకుని, ఇదేం ఆడదమ్మా!" అంటూ అత్తగారు గుమ్మంలోనే నిలబడింది. కాసేపటికి ఏమనుకుందో, ఎమ్నాని తీసుకుని లోపలికెళ్లి తనే అన్నం పెట్టింది.

కొత్త స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు కూర్చున్నాయి. కారుని నేలమీదకి దించి, దాని బరువు దానిమీద పడ్డాకే కీళ్ల దగ్గర మెత్తగా ఉండే రబ్బరు బుష్‌ల బోల్టులు చివరిసారి బిగించాను. గాలిలో ఉండగా బిగిస్తే రబ్బరు చిరిగిపోతుంది.

సాయంత్రం మొన్సెఫ్ ఇంటికొచ్చాక మరిది సాదోక్ తన కారులో వచ్చాడు. మా కారు చుట్టూ తిరిగి, వెనక నొక్కి చూసి, "ఎవరు చేశారన్నా? భలే లేచిందే!" అన్నాడు.

"నేనే. పొద్దంతా దీనికే సరిపోయింది," అన్నాడు మొన్సెఫ్.

అత్తగారు నా గోళ్లకేసి చూసింది.

"నాదీ వెనక కొట్టుకుంటోంది. చూస్తావా మరి?"

మొన్సెఫ్ మరకలేని చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"రేపు పొద్దున తీసుకురా సాదోక్," అన్నాను. "కారు కింద నేను దూరతాను. టీ మీ అన్నయ్య పెడతాడు."