నేపాల్ గురించి నేను చెప్పింది

పెసరట్టు తిరగేస్తుంటే హాల్లోంచి నా వాక్యం వినిపించింది. "చిన్న దేశానికి కోపం రాకూడదని కాదండీ. ఎప్పుడు, ఎవరి ముందు కోప్పడాలో దానికి తెలిసుండాలి," అంటున్నాడు మా ఆయన కిరీటి. ముందురోజు కారులో నేను అన్న మాట. అక్షరం పొల్లుపోలేదు.

"ఎంత బాగా చెప్పావయ్యా!" అన్నారు వీరభద్రం గారు. కిరీటితో పాటు కార్ల ప్లాంట్‌లో ఇంజనీరు, అమెరికా సరిహద్దుకు ఇవతల ఉన్న మా విండ్సర్ ఊళ్లో తెలుగు సంఘం అధ్యక్షుడు. ఈ మధ్య ఏ ఇంట్లో నలుగురు కలిసినా కార్ల మీద వేసే టారిఫ్‌ల మాటే. అమెరికా ఏమంటే ఇక్కడ ఎవరి షిఫ్టు పోతుందోనని అందరికీ బెంగ.

నిజానికి నాకు మొదట కలిగింది సంతోషమే. నా మాట పదిమందికీ నచ్చింది కదా అని. పెళ్లైన దగ్గర్నుంచీ ఇలాగే సంతోషిస్తున్నాను. నేపాల్ విదేశాంగ విధానం మీద గ్వెల్ఫ్ యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేశాను. అక్కడే పాఠాలు చెప్పేదాన్ని. కిరీటికి విండ్సర్‌లో ఉద్యోగం రాగానే వదిలేశాను. "నీ నేపాల్ ఎక్కడికీ పారిపోదు కదా, ధాత్రీ," అన్నాడు పెట్టెలు సర్దుతూ. "పాఠాలు చెప్పుకునేదానికి ఏ ఊరైతేనేం?" అన్నారు అత్తగారు ఫోన్లో. ఇప్పుడు కాంట్రాక్టు మీద ఒక్క కోర్సు చెబుతున్నాను. మిగతా పాఠాలన్నీ కారులో, కిరీటికి.

"వచ్చే ఆదివారం మన మీటింగ్‌లో దీని మీద మాట్లాడకూడదూ?" అన్నారు వీరభద్రం గారు. నేను అట్టు పళ్లెంలో వేసి, అది చల్లారేదాకా అక్కడే నిలబడ్డాను. నా పేరు వినబడుతుందేమోనని. "తప్పకుండానండీ," అన్నాడు కిరీటి.

వచ్చినవాళ్లంతా వెళ్లాక కిరీటి వంటింట్లోకి వచ్చాడు. "రెండు పేజీలు రాసిపెట్టవా? నీకు అరగంట పని."

"రాయను, కిరీటీ."

"అదేంటి? మనింట్లో నీది నాది అని ఎప్పుడు చూశాం?"

"ఈ గిన్నెలు ఎవరివి మరి?" అన్నాను. నవ్వి, నా భుజం తట్టి వెళ్లిపోయాడు. అలిగాననుకున్నాడు. రోజులు గడిచినా నేను రాయలేదు. కారులోనూ పాటలు పెట్టుకుని కూర్చున్నాను.

ఆదివారం కిరీటి బాగానే మాట్లాడాడు. నా దగ్గర అంతకుముందు విన్నవే చాలా ఉన్నాయి. రెండు పెద్ద దేశాల మధ్య నేపాల్ ఎలా మసులుకుంటుందో చెప్పాడు, చప్పట్లు కొట్టారు. అప్పుడు చరిత లేచింది. వరంగల్ నుంచి వచ్చి ఇక్కడ కాలేజీలో చదువుకుంటున్న పిల్ల.

"అంకుల్, బార్డర్ల సరుకు ఆగిపోయిందన్నరు గద. మరి ఇండ్లల్ల ఉన్నోళ్లు ఎట్ల బతికిన్రు?"

కిరీటి నా వైపు చూశాడు. అలాంటప్పుడు నేను పక్కకు వెళ్లి చెవిలో మాట అందిస్తాను. ఈసారి లేచి నిలబడ్డాను. "నేను చెప్తాను," అన్నాను.

"మా ఆవిడ కూడా ఇవన్నీ చదువుతూ ఉంటుందిలెండి," అని నవ్వుతూ మైకు ఇచ్చాడు.

చెప్పాను. 2015 చలికాలంలో సరిహద్దు దగ్గర లారీలు ఆగిపోయి ఖాట్మండులో వంటగ్యాస్ దొరకలేదు. ఆ రోజుల్లో నేపాల్ తరఫున చర్చలు జరిపిన ఒక రాయబారిని తర్వాత వాళ్లింట్లో కలిశాను. సాయంత్రం దాకా చర్చల గురించి చెప్పారు. టీ కప్పులు తీయడానికి వచ్చిన ఆయన భార్య నాతో అంది: "చర్చలకొచ్చిన విదేశీయులకు భోజనాలు మా ఇంట్లోనే. పెరట్లో పచ్చికట్టెల మీద వండాను. వడ్డించే ముందు ప్రతిసారీ మొహం కడుక్కునేదాన్ని. దేశం ఎంత ఇబ్బందిలో ఉందో నా కళ్లు చూసి వాళ్లకు తెలియకూడదు కదా."

"ఆ చర్చల మీద ఇన్ని పుస్తకాలు చదివాను. ఆవిడ ఎక్కడా లేదు," అన్నాను. వెనక భోజనాల బల్ల దగ్గర ట్రేలు సర్దుతున్న ఆడవాళ్లు చేతులాపి వింటున్నారు. చరిత ఇంకో ప్రశ్న అడిగింది. దాని తర్వాత ఇంకెవరో. కిరీటి ఎప్పుడు కూర్చున్నాడో నేను చూడలేదు.

ఇంటికి వస్తుంటే సిగ్నల్ దగ్గర కారు ఆపి అన్నాడు కిరీటి. కోపంగా కూడా కాదు, కాస్త నొచ్చుకుని. "ఆ రాయబారి భార్య సంగతి భలే ఉంది. నాకెప్పుడూ చెప్పలేదేం? ముందే చెప్పుంటే నేనే చెప్పేవాణ్ణి కదా!"

"అందుకే చెప్పలేదు," అన్నాను.