పనిలేదన్న మాట

మధ్యాహ్నం పన్నెండయినా హేరాన్ దుకాణంలో బోణీ కాలేదు.

పొయ్యి మీద పెద్ద గిన్నెలో పులుసు తనపాటికి తాను మరుగుతోంది. తెల్లవారుజామునే లేచి పిండి కలిపి అచ్చులో ఒత్తిన మొక్కజొన్న గుక్సు, సేమ్యాలా పసుపుపచ్చని పోగులు పోగులుగా, తడిగుడ్డ కింద పడుకుని ఉంది. సాయంత్రం దాకా అలాగే ఉంటే విరిగిపోతుంది. విరిగిన గుక్సు ఇంకొకరికి పెట్టకూడదనేది వాళ్ళమ్మ. ఆయుష్షు పోగులా పొడుగ్గా సాగాలని కదా దాన్ని తినేది! అందుకే పది రోజులుగా విరిగినదంతా హేరానే తింటోంది.

జెచన్ బజారులో ఆ వరసలో పదకొండు దుకాణాలున్నాయి. పదింటి ముందు మనుషులున్నారు.

తెరిచిన రోజున ఇలా లేదు. ఎర్రగింజల పొడి అద్దిన బియ్యప్పిండి కుడుములు ఆవిరి మీద వండి, వేడివేడిగా ప్రతి దుకాణానికీ తనే పట్టుకెళ్ళి వంగి నమస్కారం పెట్టి ఇచ్చింది. అందరూ తీసుకున్నారు, చల్లగా ఉండమన్నారు. మొదటివారం గరిటె కింద పెట్టే తీరిక లేదు. "పిన్నీ, ఇటో గిన్నె!" "పిన్నీ, ఇంకాస్త పచ్చడి!" అని పిలుస్తుంటే ఆమెకి ఒళ్ళు పులకరించేది. ఈ దేశమొచ్చి అయిదేళ్ళయినా ఆమెను అలా పిలిచినవాళ్ళు లేరు. ఆ అయిదేళ్ళూ హోటళ్ళ వెనకవైపు, ఎంగిలి గిన్నెల దగ్గర, తనలాగే పొరుగుదేశంలో ఇదే భాష మాట్లాడే యెన్‌బెన్ నుంచి వచ్చిన ఆడవాళ్ళ మధ్యే గడిచిపోయాయి. పగలంతా కడగడం, రాత్రి అదే హోటలు మేడమీద నలుగురితో పాటు చాపేసుకుని పడుకోవడం.

రెండోవారం జనం పలచబడ్డారు. మూడోవారానికి ఎవరో దారి తప్పినట్టు వచ్చేవాళ్ళే తప్ప, ఒకసారి వచ్చినవాళ్ళు మళ్ళీ రాలేదు. హేరాన్ ఉప్పు తగ్గించింది. కారం పెంచింది. ఎండుచేపలు వేసి మరిగించింది, అవి తీసేసి ఎముకలు వేసింది. గిన్నెలో లోపం ఉందనుకున్న మనిషి గిన్నెలోనే వెతుకుతుంది కదా!

ఈ దుకాణం పెట్టింది పెద్ద వ్యాపారి అయిపోదామని కాదు. కూతురు మిహ్యాంగ్ కోసం. రెండేళ్ళు నిండని పిల్లని తమ ఊరు యెన్జీలో తల్లి దగ్గర దింపి వచ్చింది. మొగుడన్నవాడు అప్పటికే ఇంకో ఊళ్ళో ఇంకో సంసారం పెట్టుకున్నాడు. ఈ అయిదేళ్ళలో పిల్లని చూసొచ్చింది రెండేసార్లు. మార్చిలో ఇక్కడ బళ్ళు తెరుస్తారు, ఆలోగా తెచ్చేసుకుంటానని మాటిచ్చింది. మేడమీది చాపల మధ్యకి పిల్లని తెచ్చుకోలేదు. దుకాణం ఉంటే వెనక గది ఉంటుంది, పిల్ల కళ్ళముందు తిరుగుతుంది. దుకాణం పోతే మళ్ళీ ఎంగిలి గిన్నెలు, మళ్ళీ ఆ మేడ.

ఫోన్ మోగింది. తెరనిండా మిహ్యాంగ్ ముక్కు, పైన రెండు కళ్ళు.

"అమ్మా, ఇంకా ఎన్ని నిద్రలు?"

"తొంభై నిద్రలు తల్లీ."

"నిన్నా తొంభై అన్నావు."

"నిన్న నువ్వు పడుకోలేదటగా, అమ్మమ్మ చెప్పింది. అది లెక్కలోకి రాదు."

"నీకు లెక్కలు రావు," అని పిల్ల ఫోను మంచం మీద పడేసి వెళ్ళిపోయింది. హేరాన్ చాలాసేపు ఆ ఇంటి పైకప్పుని చూస్తూ కూచుంది. మూలన చెమ్మ మరక ఇదివరకటికంటే పెద్దదయింది.

అప్పుడు వచ్చాడు ఒకాయన. టాక్సీ నడిపే పెద్దమనిషి, మెడలో తువ్వాలు. హేరాన్ గబగబా గుక్సు వేసి ఇచ్చింది. ఆయన నాలుగు ముద్దలు ఇష్టంగానే తిన్నాడు. ఇంతలో మోచెయ్యి తగిలి పులుసు బల్లంతా ఒలికింది.

"అయ్యయ్యో, పాడుచేసి పెట్టాను పిన్నీ!"

హేరాన్ గుడ్డ పట్టుకుని పరుగున వెళ్ళి, నోరారా నవ్వుతూ, వాళ్ళూళ్ళో అందరూ అనే మాటే అంది. "పనిలేదండి, పనిలేదు."

ఆయన ముఖం ముడుచుకుపోయింది. ఇంకో ముద్ద తిని చెంచా పక్కన పెట్టేశాడు.

"బాగాలేదా అండీ?"

"బాగుంది. ఎందుకు బాగోదూ? ఇంట్లో చిన్న పనుంది, అంతే."

"మళ్ళీ రండి."

"ఆఁ... చూద్దాంలెండి."

జెచన్ వాళ్ళ తీరే అంత. కాదు, వద్దు అనే మాటలు వాళ్ళ నోట రావు. చూద్దాంలెండి అంటారు. ఆ చూడ్డం ఎన్నటికీ జరగదు. హేరాన్‌కి ఆ మాత్రం తెలుసు గనకే, ఆయన వెళ్ళాక పులుసు రుచి చూసి, గిన్నెడూ మోరీలో పారబోసింది.

పక్క దుకాణం బొంగ్నేది. నువ్వులు వేయించి నూనె తీసి అమ్ముతుంది. అరవై దాటిన మనిషి, బజారంతా ఆమెని పెద్దక్క అనే పిలుస్తారు. మర్నాడు పొద్దున ఆవిడ ఆకుపచ్చ సారా సీసాలో నిండా నూనె పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది.

"ఇదిగో, ఇవాళ మొదటి వాయి. పులుసులో రెండు చుక్కలు వేశావంటే వీధి చివరికి వాసన కొడుతుంది. తీసుకో."

పెద్దావిడ కష్టం ఊరికే ఎలా పుచ్చుకోవడం? హేరాన్ మొహమాటపడుతూ, "పనిలేదు పెద్దక్కా," అంది.

బొంగ్నే సీసాని బల్ల మీద ఠంగుమని పెట్టింది.

"ఇది మూడోసారి! బల్లలు మోస్తుంటే మా ఆయన్ని పంపనా అన్నాను. పనిలేదన్నావు. నా నువ్వుల బస్తా నీ గుమ్మానికి అడ్డమొచ్చింది, ఏమనుకోకు అన్నాను. పనిలేదన్నావు. ఇవాళ నూనె తెస్తే పనిలేదు. సరేనమ్మా, నీకు మాతో పనిలేదు. మరి మా బజార్లో దుకాణం ఎందుకే?"

హేరాన్ తెల్లబోయింది. "మీతో పనిలేదని నేనెప్పుడన్నాను?"

"ఇప్పుడేగా అన్నావు, నా మొహమ్మీద! నవ్వుతూ మరీ!"

"అదా... పనిలేదంటే... మీరు బాధపడాల్సిన పనిలేదని కదా పెద్దక్కా! మావైపు కాలు తొక్కినా, కుండ పగలగొట్టినా, పెళ్ళికి ఆలస్యంగా వచ్చినా ఎదుటివాళ్ళు అనేది అదే. ఏం ఫర్లేదూ, మనసులో పెట్టుకోకండీ అని."

బొంగ్నే ఆమెని ఎగాదిగా చూసింది.

"ఇక్కడ ఆ మాట ఎవరితో అంటారో తెలుసా? వదిలేసిపోయిన మొగుడు మళ్ళీ వచ్చి తలుపు కొడితే అంటారు. నీతో నాకు పనిలేదు, ఫో అని." అంటూనే ఆవిడకి నవ్వు తన్నుకొచ్చింది. కడుపు పట్టుకుని బెంచీ మీద కూలబడింది. "మాంసం కొట్టావిడ నెలనాళ్ళుగా నిన్ను ఆడిపోసుకుంటోందే! 'ముగ్గురం వెళ్ళి రెండే గిన్నెలు అడిగాం, ఏమనుకోకమ్మా అంటే పనిలేదంది. మహారాణి! మళ్ళీ ఆ గడప తొక్కుతానా?' అని. జెచన్‌ని జెచన్నే తరిమేశావు కదే, వంగి వంగి నమస్కారాలు పెడుతూ!"

హేరాన్‌కి నవ్వు రాలేదు. వచ్చినవాళ్ళ ముఖాలు ఒక్కొక్కటే కళ్ళముందుకొచ్చాయి. ప్రతి ముఖానికీ తను ఎంత ఆప్యాయంగా ఆ మాట అందో కూడా గుర్తొచ్చింది. ఎంత ఆప్యాయంగా అంటే అంత గట్టిగా తలుపు మొహాన వేసినట్టన్నమాట.

"మరి ఒక్కరూ చెప్పలేదే పెద్దక్కా?"

"ఎవరు చెబుతారే? మేం చెప్పే జాతా? నేనూ చెప్పేదాన్ని కాదు, నూనె సీసా చూసి ఒళ్ళు మండింది గానీ. ఏదీ, పర్వాలేదండి అను."

"పర్వాలేదండి."

"ఠాణాలో వాంగ్మూలం ఇస్తున్నావా? మెత్తగా అను. పిల్లలున్నారా నీకు?"

"ఒక కూతురు. మిహ్యాంగ్. అక్కడ... మా అమ్మ దగ్గర ఉంది."

బొంగ్నే నవ్వు ఆపింది. "ఊఁ. అయితే మిహ్యాంగ్ అమ్మా, మళ్ళీ అను."

ఆ పిలుపుతో పిలిచినవాళ్ళు ఈ గడ్డ మీద అంతవరకు ఒక్కరూ లేరు. హేరాన్ నూనె సీసాని రెండు చేతులా దగ్గరికి తీసుకుంది.

నేర్చిన నాలుకని మార్చడం తేలిక కాదు. గిన్నెలు కడుగుతూ పర్వాలేదండి, పిండి పిసుకుతూ పర్వాలేదండి. అయినా కంగారు పుట్టినప్పుడల్లా పాత మాటే ముందు దూకేది. దూకగానే పళ్ళతో నాలుక కొరుక్కునేది. బొంగ్నే ఊరుకుందా, బజారు మొదలు నుంచి చివరిదాకా ఈ కథ చెప్పి వచ్చింది. దాంతో కొందరు కదిలారు. మాంసం కొట్టావిడ గుమ్మంలోనే నిలబడి, "ఏం పిన్నీ, ఇవాళైనా మాతో పనుందా?" అని ఎకసెక్కెమాడుతూ లోపలికి వచ్చింది. టాక్సీ ఆయన మాత్రం రాలేదు. రానివాళ్ళే ఎక్కువ. ఒకసారి నొచ్చుకున్న మనసు కథ విని నవ్వుతుందేమో గానీ, కాళ్ళు మాత్రం అలవాటైన దుకాణానికే పోతాయి.

జనవరి వచ్చింది. చలికి బజారే సగం ముడుచుకుపోయింది. రోజూ నాలుగు బల్లల్లో రెండు నిండుతున్నాయి, రెండు ఖాళీ. బళ్ళో పేరు రాయించడానికి ఇంకా నాలుగు రోజులే గడువుంది. పిల్ల వచ్చాక దుకాణం మూతపడితే? బళ్ళోంచి తీసి, పెట్టె సర్ది, మళ్ళీ వదిలి రావాలా? ఒకసారి వదిలినప్పుడు దానికి జ్ఞానం లేదు. ఈసారి తెలుస్తుంది. అటు తిప్పి ఇటు తిప్పి ఆలోచించి, చివరికి వేసవి దాకా ఆగుదామనుకుంది. వచ్చే ఏడు బళ్ళో వేస్తే కొంపలేం మునగవు. గుండె దిటవు చేసుకుని ఫోన్ చేసింది.

"మిహ్యాంగ్, మార్చిలో కాదమ్మా. వేసవిలో వస్తావు. వేసవిలో అయితే నదిలో ఆడుకోవచ్చు కూడా."

అవతల టీవీలో ఎవరో నవ్వుతున్నారు. పిల్ల తెరకేసి చూడలేదు.

"పనిలేదమ్మా," అంది.

నెల రోజులకి పైగా ఆ మాటని ఊరివాళ్ళ చెవితో వినడం నేర్చుకుంది హేరాన్. నేర్చుకున్న చెవే ఇప్పుడు ఆమెకంటే ముందు వినేసింది.

"ఏమన్నావు?"

"పనిలేదన్నాను. నేనాడుకుంటున్నా. పెట్టెయ్యనా?"

పెట్టేసింది.

ఏడేళ్ళు నిండని పిల్ల. యెన్జీ దాటి ఎరగదు. ఆ మాటకి దాని దగ్గర ఉన్న అర్థం ఒక్కటే, ఫర్లేదమ్మా అని. ఆ సంగతి హేరాన్‌కి తెలుసు. కానీ ఆ రెండో అర్థం రావడానికి మాత్రం ఎన్నాళ్ళు పడుతుంది? ఇంకో వేసవి? ఇంకో ఏడు? ఎవరూ నేర్పక్కర్లేదు, దానంతటదే వచ్చేస్తుంది.

కాసేపటికి పక్కనుంచి ఏదో ఈడుస్తున్న చప్పుడు విని బొంగ్నే వచ్చింది. హేరాన్ వెనక గదిలో పేర్చిన పిండి బస్తాలు ఒక్కొక్కటీ బయటికి లాగుతోంది.

"ఏం చేస్తున్నావే?"

"గది ఖాళీ చేస్తున్నా. పిల్లొస్తోంది."

"దుకాణం నిలబడ్డాక అన్నావుగా?"

"దుకాణం ఎప్పుడు నిలబడుతుందో పెద్దక్కా. పిల్ల మాత్రం నిలబడదు, పెరిగిపోతోంది."

"తీరా వచ్చాక మూతపడితే?"

"పడితే పడుతుంది. అప్పుడు ఇద్దరం ఒకచోట ఉండి ఏడుస్తాం."

"మొండిముండవి," అంది బొంగ్నే. అని, చేతులు ఏప్రన్‌కి తుడుచుకుని, బస్తా రెండో కొస పట్టుకుంది.

మర్నాడే బళ్ళో పేరు రాయించింది. వాళ్ళిచ్చిన కాగితంలో సంచీ, పెన్సిళ్ళు, తరగతిలో తొడుక్కునే తెల్ల బూట్లు అని ఉంది. బజారు మలుపులో చెప్పుల కొట్టుకి వెళ్ళింది.

"ఏ సైజమ్మా?" అన్నాడు కొట్టు ఆయన.

"ఏడేళ్ళ పిల్లకి."

"ఏడేళ్ళ పాదాలు ఏడు రకాలుంటాయి. ఎంతుంటుంది మీ పాప పాదం?"

హేరాన్ రెండు చేతులూ ఎదురెదురుగా పెట్టి చూపబోయింది. దగ్గరకి జరిపింది, దూరం జరిపింది. తెలియలేదు. ఫోన్ తీసింది.

"మిహ్యాంగ్, నీ పాదం చూపించమ్మా."

"ఎందుకు?"

"బూట్లు కొంటున్నా. ఇక్కడి బడికి. మార్చిలోనే."

పిల్ల అనుమానంగా చూసింది. "మళ్ళీ వేసవి అంటావా?"

"అనను."

"అమ్మమ్మా! నువ్వు విన్నావుగా? నువ్వే సాక్షి!" అని కేక పెట్టి, కాలెత్తి ఫోనుకి ఆనించింది. తెరంతా నల్లటి పాదం. బొటనవేలి గోరు పక్కన చర్మం లేచి ఉంది. హేరాన్ దాని మీద అరచెయ్యి పెట్టింది. తెర ఎంతో పాదం అంతే కనబడింది.

"అట్లా తెలీదే," అంది తల్లి గొంతు అవతలి నుంచి. "ఉండు, కొలుస్తా. నా జానెడు, పైన ఒక వేలు."

"నీ జానెడంటే నా జానెడంత ఉంటుందా అమ్మా?"

"ఏమోనే. చేతులు పక్కపక్కన పెట్టి చూసుకుని ఎన్నాళ్ళయింది?"

కొట్టు ఆయన రెండు జతలు బల్ల మీద పెట్టాడు. "పెద్దవే తీసుకోండమ్మా. పిల్లలు ఆగరు."

హేరాన్ పెద్ద బూటులో చెయ్యి దూర్చి, ముందు ఎంత ఖాళీ మిగిలిందో వేళ్ళతో వెతుకుతూ నిలబడింది.