నలభై రెండో జవాబు

ఇంట్లో అందరూ ఆమెను గిలక్కాయ అనేవారు, చిన్నప్పటినుంచీ నోరు మూసుకుని కూర్చోవడం చేతకాదని. అలాంటి మనిషికి తీరా దొరికిన ఉద్యోగం, చూసింది చూసినట్టు రాసి బయట మాత్రం పెదవి విప్పకూడనిది. సంస్థలు రాతపూర్వకంగా అనుమతి ఇస్తే, వాటి కంప్యూటర్లలోకి దొంగలు దూరగల సందులు ఎక్కడున్నాయో వెతికిపెట్టే చిన్న కంపెనీలో ఆమె చేరి రెండేళ్ళయింది.

ఈసారి పని బ్లడ్ బ్యాంకులో. అక్కడి కంప్యూటర్లన్నిటినీ పన్నెండేళ్ళుగా ఒంటిచేత్తో చూసుకుంటున్నది స్వయానా ఆమె వదిన.

"సార్, అక్కడున్నది మా అన్నయ్య భార్య. వేరేవాళ్ళని పంపండి," అంది గిలక్కాయ.

"ఆ బ్లడ్ బ్యాంకు నడిపే డాక్టరమ్మకి చెప్పాను, అభ్యంతరం లేదంది. అనుమతి పత్రంలో మీ చుట్టరికం కూడా రాయించాను. నీ రిపోర్టు నేను మళ్ళీ సరిచూస్తాలే, వెళ్ళు," అన్నాడు మేనేజరు.

వదిన ఆమెను రక్తం పరీక్షించే గది పక్కనున్న ఇరుకు గదిలో కూర్చోబెట్టి ఒక కాగితం అందించింది. నలభై ఒక్క యంత్రాలు, వాటి నంబర్లు, ఏది ఏ గదిలో ఉందో, అన్నీ ముత్యాల్లాంటి అక్షరాలతో.

"ఇంట్లో తప్పులు పట్టింది చాలక ఇక్కడికీ వచ్చావా తల్లీ?" నవ్వుతూనే అంది కానీ, కాగితాన్ని మాత్రం వెంటనే వదల్లేదు.

ప్రతి కంప్యూటర్‌కీ అరవై అయిదు వేలకు పైగా నంబర్లు వేసిన తలుపులుంటాయి. పోర్టులంటారు. గిలక్కాయ వాడే సాఫ్ట్‌వేర్ వాటిని వరసగా తట్టి, ఏవి తెరిచి ఉన్నాయో చెబుతుంది. తెరిచిన చోట "లోపల ఎవరు?" అని అడిగితే, అక్కడ పనిచేసే ప్రోగ్రాం, అంటే సర్వీసు, తన సంగతి చెప్పుకుంటుంది, ప్రింటర్నని ఒకటి, ఫైళ్ళు దాచేదాన్నని ఇంకొకటి. రక్తపరీక్షలకు ఆటంకం రాకూడదని ఆమె చాలా నెమ్మదిగా తట్టించింది. మధ్యాహ్నానికి పని పూర్తయింది. జవాబిచ్చిన యంత్రాలు నలభై రెండు.

"వదినా, ఒకటి ఎక్కువొచ్చింది."

"నా లెక్క తప్పదు. నువ్వే సరిగ్గా చూడు."

మళ్ళీ తట్టించింది. మళ్ళీ అదే. ఆ యంత్రానికి ఇరవై మూడో పోర్టు బార్లా తెరిచి ఉంది. దూరం నుంచి యంత్రాన్ని నడిపించే పాతకాలపు సర్వీసు అది. పలకరించగానే, చల్లగది ఫ్రిజ్‌ను నడిపేది తానేనని చెప్పేసింది. పాస్‌వర్డ్ ఊసే ఎత్తలేదు. గిలక్కాయ అక్కడితో ఆగిపోయింది. అంతకు మించి లోపలికి వెళ్ళడానికి ఆమెకు అనుమతి లేదు.

వదిన కాగితం పక్కన పెట్టి లేచింది. రక్తం సంచులన్నీ ఉండేది ఆ ఫ్రిజ్‌లోనే. ఎవరైనా చలి తగ్గిస్తే వాటిని పారబోయాల్సిందే.

ఇద్దరూ వరండాలో, యంత్రాల వైర్లన్నీ కలిసే స్విచ్ పెట్టె తెరిచి, ఆ జవాబు ఏ వైరు మీద వస్తోందో చూసి, దాని వెంటే నడిచారు. అది గోడ వెంట పాకుతూ చల్లగదిలోకి వెళ్ళి, ఫ్రిజ్ వెనక, చెయ్యి పట్టీపట్టనంత సందులో, దుమ్ము కొట్టుకుపోయిన చిన్న డబ్బా దగ్గర ఆగింది.

వదిన ఫ్రిజ్ మెకానిక్‌కి ఫోన్ చేసింది.

"అదా అమ్మా! నేనే పెట్టాను, మూడేళ్ళయింది. అప్పుడు మీరు పురిటి సెలవులో ఉన్నారు. ఫ్రిజ్ మొరాయిస్తే నా ఫోన్‌కి మెసేజ్ వస్తుందని పెట్టా. రెండుసార్లు పరిగెత్తుకొచ్చి బాగుచేశానంటే దాని పుణ్యమే."

"నాతో ఒక్క ముక్క చెప్పకూడదా అన్నా?"

"చెబుదామనే అనుకున్నానమ్మా. మర్చేపోయాను."

వదిన స్టూలు మీద కూలబడింది. "ఇది రాయక తప్పదా?"

ఈ ఉద్యోగం వద్దేవద్దన్న నాన్నతో రెండు రోజులు వాదించి గిలక్కాయను పంపించింది ఈ వదినే.

"తప్పదు వదినా. కానీ నీ గురించి కాదు, డబ్బా గురించే రాస్తాను."

"నాకు తెలియలేదని కూడా రాయి. అది నిజమేగా." వదిన లేచి చేతుల దుమ్ము దులుపుకుంది. "నీ రిపోర్టు వెళ్ళేలోపు డాక్టరమ్మకి నేనే చెబుతాను. నువ్వూ రా. నోరు మాత్రం మెదపకు."

గిలక్కాయ నిజంగానే మెదపలేదు. డాక్టరమ్మ అంతా విని మెకానిక్‌ని పిలిపించింది. ఫ్రిజ్‌లో నమోదైన మూడేళ్ళ చలి లెక్కలను సాయంత్రం దాకా నలుగురూ కూర్చుని సరిచూశారు. ఎవరూ వేలు పెట్టిన జాడ లేదు.

డాక్టరమ్మ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. "కంప్యూటర్ల పనికి ఇంకో మనిషి కావాలని నువ్వు మూడుసార్లు అడిగావు. నేనే పక్కన పడేశాను. ఆ కాగితం మళ్ళీ తీసుకురా, ఇప్పుడే సంతకం పెడతాను."

వదిన ఆ కాగితం తేవడానికి లేచింది.

ఆ వారంలోనే మెకానిక్, వదిన కలిసి పాత సర్వీసును ఆపేశారు. డబ్బాను మిగతా యంత్రాల నుంచి విడదీసి పాస్‌వర్డ్ పెట్టారు. మెకానిక్‌కి వెళ్ళే మెసేజ్ మాత్రం అలాగే ఉంచారు. రెండు వారాల తర్వాత గిలక్కాయ వచ్చి మళ్ళీ తట్టి చూస్తే, ఆ తలుపు పలకలేదు.

"ఇది నాకూ నేర్పించు. ఇకనుంచి నెలనెలా నేనే తట్టి చూసుకుంటాను," అంది వదిన కుర్చీ పక్కకు లాక్కుని. డాక్టరమ్మ చేత అనుమతి పత్రం అప్పటికే రాయించి ఉంచింది. తన కంప్యూటర్ మీద మొదటిసారి నంబరు తప్పు కొట్టింది, రెండోసారి కుదిరింది. జవాబులు ఒక్కొక్కటే వస్తుంటే వేలితో కాగితం మీద సరిచూసుకుంటూ పోయి, చివర్లో టక్కున ఆగింది.

"అమ్మాయ్, ఇదెవరిది? నా జాబితాలో లేదే!"

"అది నాదే వదినా, నా లాప్‌టాప్."

"ఏదీ, ముందు అనుమతి పత్రం చూపించు," అంది వదిన, చెయ్యి చాపి.